పెట్టుబడి ప్రకటన వేసే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి

తెలుగు దినపత్రికల, టీవీ ఛానళ్ల ప్రకటనల విభాగాధిపతులకు,



హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయంలో మీ పత్రికలను చదివినంత శ్రద్ధగా బహుశా మీ ఆఫీసుల్లో కూడా ఎవరూ చదవరు. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు, బ్యాంకు పరీక్షలకు తయారయ్యే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. సంపాదకీయం, బిజినెస్ పేజీ, ప్రభుత్వ నోటిఫికేషన్లు వరసపెట్టి చదివి నోట్స్ రాసుకుంటారు. సెబీకి చట్టబద్ధ అధికారాలు ఎప్పుడొచ్చాయంటే 1992 అని, అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఎప్పటిదంటే 2019 అని ఠక్కున చెబుతారు. రెరా రిజిస్ట్రేషన్ ఎంత స్థలం దాటితే తప్పనిసరి అంటే 500 చదరపు మీటర్లు అనేస్తారు. ఆ చట్టాల గురించి వ్యాసం వేసిన పత్రికలోనే, రెండు పేజీలు తిప్పితే, అదే చట్టాన్ని పట్టించుకోని ప్రకటన కనిపిస్తే వాళ్లు దేన్ని నమ్మాలి?

గ్రంథాలయం దాటి చిక్కడపల్లి సందుల్లోకి వస్తే పాఠకుల వయసు మారుతుంది. సాయంత్రం త్యాగరాయ గానసభకు వచ్చేవారిలో చాలామంది రిటైరైన ఉద్యోగులే. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి చేతికొచ్చిన మొత్తం ఎక్కడ పెట్టాలన్నది వాళ్ల ప్రశ్న. నారాయణగూడ వైపు వెళ్తే దుకాణదారులు, చిన్న వ్యాపారులు. వాళ్ల పొదుపు ఎక్కువగా చిట్టీల్లో తిరుగుతుంది. మెట్రో లైను వెంట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ఎటు చూసినా బోర్డులే. కానీ బోర్డును చూసినట్టు పత్రికను చూడరు. బోర్డు మీద ఉన్నది ఎవరో డబ్బిచ్చి పెట్టించారని అందరికీ తెలుసు. పత్రికలో వచ్చినదానికి మాత్రం 'పేపర్లో పడింది కదా' అన్న భరోసా తోడవుతుంది. ప్రకటనదారు మీకు కట్టే రేటులో జాగా అద్దెతో పాటు ఆ భరోసా ధర కూడా కలిసే ఉంది. అందుకే ఈ లేఖ సెబీకో రిజర్వు బ్యాంకుకో కాకుండా మీకు.

ప్రకటనల పేజీ అడుగున చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ప్రకటనల్లోని విషయాలను పాఠకులే విచారించుకోవాలి, పత్రికకు బాధ్యత లేదు అన్నది దాని సారాంశం. పేజీలో అన్నిటికన్నా సన్న అక్షరం దానిదే. అరవై దాటినవారు భూతద్దం పెట్టుకోవాలి. ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి ప్రకారం పత్రికలో వచ్చే ప్రతిదానికీ, ప్రకటనలతో సహా, సంపాదకుడిదే బాధ్యత. బాధ్యత వద్దనుకుంటే ఆ మాట ముందుగా స్పష్టంగా చెప్పాలి. ఆ పెట్టె పుట్టింది ఈ వెసులుబాటులోంచే. ముందుగా చెప్పడం వరకు సరే, స్పష్టంగా చెప్పడం ఆ అక్షరాల్లో జరుగుతోందా?

చట్టంలో మీకు ఇంకో వెసులుబాటు ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని 21వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి. తయారీదారుకు, ప్రచారం చేసిన ప్రముఖుడికి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు; మళ్లీ చేస్తే 50 లక్షలు. ప్రముఖుణ్ని ఏడాది పాటు, తిరిగి తప్పు చేస్తే మూడేళ్లు ప్రకటనల నుంచి నిషేధించొచ్చు. ప్రచురించినవారికీ 10 లక్షల జరిమానా ఉంది. తేడా తప్పించుకునే దారిలో ఉంది. ప్రముఖుడు బయటపడాలంటే ప్రకటనలోని మాటలు నిజమో కాదో తగిన జాగ్రత్తతో సరిచూసుకున్నానని చూపాలి. ప్రచురించినవారు మాత్రం రోజువారీ వ్యాపారంలో భాగంగా వేశామని నిరూపిస్తే చాలు. ఆ ప్రకటనను ఉపసంహరించమన్న ఆదేశం తెలిసి కూడా వేస్తేనే ఆ వాదన చెల్లదు. అంటే నాలుగు గంటలు షూటింగ్‌కు వచ్చి వెళ్లిపోయిన నటుడు పత్రాలు చూడాలి. ఏళ్ల తరబడి అదే బల్ల దగ్గర కూర్చుని ప్రకటనలు తీసుకునే విభాగం చూడనక్కర్లేదు.

నటుల సంగతి ఈ మధ్య మీరే మొదటి పేజీల్లో రాశారు. సాయి సూర్య డెవలపర్స్, సురానా గ్రూపుల మీద సాగుతున్న దర్యాప్తులో, ప్రచారానికి అందిన పారితోషికం గురించి అడగడానికి 2025 ఏప్రిల్‌లో మహేశ్‌బాబుకు ఈడీ నోటీసు ఇచ్చింది. ఆయన నిందితుడు కాదు. అయినా రోజుల తరబడి అదే వార్త. అంతకు ముందు నెలలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు పెట్టిన కేసుల్లో పేరున్న నటులు, యూట్యూబర్లు చాలామంది ఉన్నారు. ప్రచారం చేసిన ముఖాన్ని నిలదీయడం సబబే. ఆ ముఖాన్ని ఇంటింటికీ చేర్చిన పేజీని, స్లాట్‌ను ఎవరూ అడగలేదు.

జరిగిన నష్టం ఎంతో మీకు చెప్పక్కర్లేదు. విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్‌లో దాదాపు 32 లక్షల మంది 6 వేల కోట్లకు పైగా పెట్టారు. ప్లాటో, అధిక రాబడో ఇస్తామన్న మాట మీద పల్లెల్లో ఏజెంట్ల చేతికిచ్చిన డబ్బది. చివరికి 10 వేలలోపు డిపాజిట్లకు 2019లో, 20 వేలలోపు వాటికి 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖజానాలోంచి చెల్లించింది. పెట్టనివాడి పన్ను డబ్బు కూడా పోయిందన్నమాట. హైదరాబాద్‌లోనే 2025 ఫిబ్రవరిలో బయటపడ్డ ఫాల్కన్ ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ వ్యవహారం ఇంకా చదువుకున్నవాళ్లది. పెద్ద కంపెనీల బిల్లుల మీద స్వల్పకాలిక అప్పు, 22 శాతం దాకా రాబడి అని ఆ యాప్ చెప్పింది. సైబరాబాద్ పోలీసుల లెక్కలో 6,979 మంది 1,700 కోట్లు పెట్టారు. అందులో సుమారు 850 కోట్లు తిరిగి రాలేదు. ప్రధాన నిందితుడు దేశం దాటడానికి వాడినట్టు చెబుతున్న చిన్న విమానాన్ని మార్చిలో శంషాబాద్ విమానాశ్రయంలో ఈడీ స్వాధీనం చేసుకుంది. అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రా ప్రీలాంచ్ పేరుతో ఫ్లాట్లు అమ్మిన కేసులో 2022 డిసెంబరులో అరెస్టులు జరిగాయి. డబ్బు కట్టినవారు ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

ఇలాంటప్పుడు 'అత్యాశకు పోయారు' అనడం రివాజు. ఆశ ఉంది, కాదనలేం. కానీ చదివేవాడు మోసాన్ని కనిపెట్టాలంటే కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలి. ప్రకటన తీసుకునేవాడికి అంత పని లేదు. ఎందుకంటే మన చట్టాలు దాదాపు ప్రతి రకం పెట్టుబడి ప్రకటనకూ ఒక నంబరునో, అనుమతి పత్రాన్నో ముందే తప్పనిసరి చేశాయి. అది ఉందో లేదో చూస్తే చాలు.

మన పేటల సంగతి కాబట్టి ముందు చిట్టీ. చిట్‌ఫండ్స్ చట్టం-1982 ప్రకారం ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా ఏ చిట్టీ మొదలుపెట్టకూడదు. ఐదో సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, చిట్టీలో చేరమని జనాన్ని పిలిచే ఏ నోటీసులోనైనా, కరపత్రంలోనైనా ఆ అనుమతి వచ్చిందన్న మాటా, దాని వివరాలూ ఉండి తీరాలంది. అవి లేని చిట్టీ ప్రకటన అచ్చయ్యే సరికే చట్టం తప్పినట్టు. దీనికి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు. ప్రూఫు మీద కన్నేస్తే తెలుస్తుంది.

లెక్క కూడా చూడొచ్చు. 50 మంది సభ్యులు, నెలకు 10 వేలు, 50 నెలలు: అది 5 లక్షల చిట్టీ. నెలనెలా పాట. అవసరమున్నవాడు తగ్గించి పాడుకుని ఎత్తుకుంటాడు. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ దాని విలువలో 7 శాతం మించకూడదు (2019 సవరణకు ముందు 5 శాతమే), అంటే ఇక్కడ 35 వేలు. తగ్గించి పాడిన దాంట్లో అది పోను మిగిలింది సభ్యులకు డివిడెండ్. ఈ నెల ఎవరు ఎంత తగ్గించి పాడతారో ఫోర్‌మన్‌కే తెలియదు. అలాంటప్పుడు 'మా చిట్టీలో ఏడాదికి ఇంత శాతం గ్యారంటీ' అన్న ప్రకటన దేని గురించి? అది చిట్టీ కాదు, చిట్టీ పేరు పెట్టుకున్న డిపాజిట్. అరవై ఏళ్లుగా చిట్టీల మీద ఇల్లు కట్టుకుని, పెళ్లిళ్లు చేసిన ఊరిది. పద్ధతిగా నడిపే కంపెనీల పక్క కాలమ్‌లోనే దొంగ చిట్టీకి చోటిస్తే ముందు పరువు పోయేది ఆ పద్ధతి గల కంపెనీలదే.

డిపాజిట్‌కు పరీక్ష ఇంకా తేలిక. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకింగేతర ఆర్థిక సంస్థ కూడా ప్రజల డిపాజిట్ల మీద ఏడాదికి 12.5 శాతానికి మించి వడ్డీ ఇవ్వకూడదు. 'నెలకు 3 శాతం' అని ఒకడు ప్రకటన తెచ్చాడంటే ఏడాదికి 36. అనుమతి ఉన్నవాళ్ల గరిష్ఠానికి దాదాపు మూడింతలు. రిజర్వు బ్యాంకు 2016లో పెట్టిన సచేత్ పోర్టల్‌లో ఆ సంస్థకు డిపాజిట్లు తీసుకునే హక్కుందో లేదో చూసుకోవచ్చు, లేకపోతే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద అలాంటి పథకానికి ప్రకటన ఇవ్వడమే నేరం. డిపాజిట్లు అడిగినవాడికి ఏడాది నుంచి ఐదేళ్ల జైలు. అదే చట్టంలో మీ గురించీ ఒక సెక్షన్ ఉంది. అలాంటి ప్రకటన ఏ పత్రికలోనైనా వస్తే, దానికి పూర్తి ఖండనను అదే తీరులో, అదే స్థానంలో, ఉచితంగా వేయమని ప్రభుత్వం ఆదేశించొచ్చు. మొదటి పేజీ నిండా ప్రకటన వేస్తే మొదటి పేజీ నిండా ఖండన. ఆ ఒక్క సెక్షన్‌ను ప్రభుత్వం గట్టిగా వాడితే ప్రకటనల రేటు కార్డు కొత్తగా రాసుకోవలసి వస్తుంది.

స్థలాలు, ఫ్లాట్లు పెట్టుబడిగా కొనేవారు చాలామంది ఉన్న నగరం మనది. రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ చేయకుండా ప్రాజెక్టును ప్రకటించడం, బుకింగ్ తీసుకోవడం కుదరదు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా కొట్టొచ్చినట్టు కనిపించాలి. రిజిస్టర్ చేయకుండా ప్రకటిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. ప్రకటనను నమ్మి నష్టపోయినవాడికి పరిహారం అడిగే హక్కు 12వ సెక్షన్ ఇచ్చింది. 'ప్రీలాంచ్ ఆఫర్' అన్న మాటకు ఈ చట్టంలో చోటే లేదు. ఆ మాటతో వచ్చిన లేఅవుట్ బొమ్మ మీద నంబరు ఎక్కడుందో అడగండి. ఉంటే తెలంగాణ రెరా సైట్‌లో ఒకసారి కొట్టి చూడండి.

షేర్ల సలహాలకు వస్తే తమాషా ఇంకోలా ఉంది. సెబీ దగ్గర నమోదైన సలహాదారు, రీసెర్చ్ అనలిస్టు 2023 నుంచి ప్రతి ప్రకటనకూ సెబీ గుర్తించిన పర్యవేక్షక సంస్థ ముందస్తు ఆమోదం తెచ్చుకోవాలి. నమోదు కానివాడు ఎవర్నీ అడగడు. అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, ఇంటి నుంచి వచ్చే డబ్బు సరిపోక, ట్రేడింగ్‌లో రోజుకు నాలుగు డబ్బులు వస్తాయేమోనని చూసే పిల్లలకు వీడియోలు అమ్మేది ఎక్కువగా ఆ రెండో రకంవాళ్లే. 'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో పాఠాలు చెప్పిన మహ్మద్ నసీరుద్దీన్ అన్సారీ మీద 2023 అక్టోబరులో సెబీ చర్య తీసుకుని 17 కోట్లకు పైగా జప్తుకు ఆదేశించింది. గూగుల్, మెటాల్లో ప్రకటన ఇవ్వాలంటే నమోదైన సంస్థలు సెబీ పోర్టల్‌లో ఉన్న మెయిల్, ఫోన్ నంబరుతోనే రావాలని, ఆ వేదికలు సరిచూసుకున్నాకే వేస్తాయని 2025 మార్చిలో ఏర్పాటయింది. విదేశీ కంపెనీ యంత్రం చేసే ఆ తనిఖీ మన ఊరి బుకింగ్ కౌంటర్‌లో కుదరదా?

చూసి వదిలినవాడికీ బాధ్యత ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో ఒక ట్రామ్ కంపెనీ ఆవిరితో బళ్లు నడిపే హక్కు తమకుందని ప్రాస్పెక్టస్‌లో రాసి షేర్లు అమ్మింది. ఆ అనుమతి రాలేదు, కంపెనీ మూతపడింది. డెర్రీ వర్సెస్ పీక్ కేసులో 1889లో హౌస్ ఆఫ్ లార్డ్స్, డైరెక్టర్లు నిజమేనని నమ్మి రాశారు కాబట్టి మోసం కాదంది. నమ్మితే సరిపోతుందా, విచారించొద్దా అన్న గొడవ రేగి, మరుసటి ఏడాదికల్లా డైరెక్టర్ల బాధ్యత మీద పార్లమెంటు చట్టం చేసింది. ఆ దారి మన కంపెనీల చట్టం-2013 దాకా వచ్చింది: ప్రాస్పెక్టస్‌లో తప్పుడు మాటకు ప్రమోటర్లు, డైరెక్టర్లు మదుపరికి పరిహారం కట్టాలి.

బ్రిటన్ ఇంకా ముందుకు వెళ్లింది. ఆర్థిక సేవలు, మార్కెట్ల చట్టం-2000లోని 21వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాడు పెట్టుబడి ప్రకటన ఇవ్వాలంటే లైసెన్సు ఉన్నవాడొకడు దాన్ని చదివి ఆమోదించాలి. అక్కడా బోల్తా పడ్డారు. లండన్ క్యాపిటల్ అండ్ ఫైనాన్స్ తన బాండ్ల ప్రకటనలను తానే ఆమోదించుకుని 2019 జనవరిలో కుప్పకూలింది. సుమారు 11,600 మందికి చెందిన 23.7 కోట్ల పౌండ్లు ఇరుక్కున్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి ఇతరుల ప్రకటనలను ఆమోదించాలంటే నియంత్రణ సంస్థ దగ్గర విడిగా అనుమతి ఉండాలన్నారు. ఆమోదించడం కూడా ఒక వృత్తి, దానికీ అర్హత కావాలి అన్నది వాళ్లు దెబ్బతిని చేసుకున్న ఏర్పాటు.

మన దగ్గర దానికి దగ్గరగా ఒకటి వచ్చి ఆగిపోయింది. పతంజలి ప్రకటనల కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టులో జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ అహ్సానుద్దీన్ అమానుల్లా ధర్మాసనం, ఏ ప్రకటనైనా ప్రచురణకు ముందు ప్రకటనదారు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలంది. జూన్‌లో అమలు మొదలైంది. పత్రికలు, ఏజెన్సీలు ఇబ్బంది చెప్పాక అది ఆహార, ఆరోగ్య ప్రకటనలకే పరిమితమైంది. ఫలితంగా బలం టానిక్కుకు ధ్రువీకరణ కావలసి వచ్చింది. జీవితకాలం పొదుపును అడిగే ప్రకటనకు అక్కర్లేకపోయింది.

మీ ఇబ్బందులు తెలియనివి కావు. ప్రకటన సాయంత్రం వస్తుంది, పేజీ రాత్రికి వెళ్లాలి. మీ జిల్లా ఎడిషన్ మనిషికి నెల టార్గెట్ ఉంటుంది. కాగితం ధర, తగ్గే సర్క్యులేషన్ మధ్య రియల్ ఎస్టేట్ ప్రకటన లేకపోతే జీతాలు కష్టమయ్యే రోజులూ ఉంటాయి. 'మేం కాదంటే పక్క పత్రిక వేస్తుంది' అన్నది అన్నిటికన్నా బలమైన మాట. దానికి జవాబు మీ సంఘంలోనే ఉంది. ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ ప్రకటనల ఏజెన్సీలకు గుర్తింపునిస్తుంది. బిల్లులు ఎగ్గొట్టే ఏజెన్సీ ఆ గుర్తింపును పోగొట్టుకుంటుంది. మీ డబ్బు రాకపోతే అందరూ కలిసి తలుపు మూయగలుగుతున్నారు. పాఠకుడి డబ్బు విషయంలోనూ ఆ కట్టు సాధ్యమే.

నియంత్రణ సంస్థల పని మీ మీద రుద్దుతున్నారని మీరు అనొచ్చు. కంపెనీ ఖాతాలు తవ్వమని, ప్రమోటరు ఇంటికి వెళ్లమని ఈ లేఖ అడగడం లేదు. అన్ని పత్రాలూ సరిగ్గా ఉన్న కంపెనీ కూడా రేపు మునగొచ్చు. ఆ తప్పు మీది కాదు. అడుగుతున్నది చట్టం ముందే రాసిపెట్టిన కనీస జాగ్రత్త.

చిట్టీ, డిపాజిట్, ప్లాటు లేదా ఫ్లాటు, షేర్ల సలహా: ఈ నాలుగు రకాల ప్రకటనలకు బుకింగ్ ఫారంలో ఒక గడి పెట్టండి. చిట్టీకి ముందస్తు అనుమతి వివరాలు, ప్రాజెక్టుకు రెరా నంబరు, డిపాజిట్‌కు రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ లేదా దానికి వర్తించే చట్టం, సలహాదారుకు సెబీ నంబరుతో పాటు ప్రకటన ఆమోద పత్రం. గడి ఖాళీగా ఉంటే ప్రకటన పేజీకి వెళ్లకూడదు. ఆ నంబరును సంబంధిత వెబ్‌సైట్‌లో సరిచూసిన ఉద్యోగి సంతకం, తేదీ ఫారం మీద ఉండాలి. రేపు గొడవ వస్తే ఆ కాగితమే మీకూ రక్షణ. వేశాక తప్పని తేలితే ప్రభుత్వ ఆదేశం కోసం చూడకుండా అదే పేజీలో, అదే సైజులో ఖండన వేయండి. అడుగున ఉన్న ఆ సన్న పెట్టెను ప్రకటన అక్షరాల సైజుకు పెంచండి. పొద్దున్నే పత్రిక మడతలో చేరే కరపత్రాలు మీ కౌంటర్ నుంచి రావన్నది నిజమే. అయినా అవి ఇంటికి చేరేది మీ పత్రిక లోపలే కాబట్టి మీ ఏజెంట్లకు ఇదే నియమం చెప్పండి.

ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే నెల రేటు కార్డుతో పాటే అమలు చేయొచ్చు. చేస్తున్నామని ఒక ప్రకటన వేయండి. గ్రంథాలయంలో చదివే పిల్లలు మొదటి రోజే మీ పేజీని పట్టుకుని నంబర్లు సరిచూస్తారు. తేడా వస్తే ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరాన్ని కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పాఠకుల పక్షాన

ప్రతులు: ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు; కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు; తెలంగాణ చిట్స్ రిజిస్ట్రార్‌కు; తెలంగాణ రెరాకు.